దెయ్యానికి ఎన్ని స్టార్లు?

సినిమా సమీక్ష రాయడం కష్టమేమీ కాదు. కథ పాతదే అనొచ్చు, నటన తేలిపోయింది అనొచ్చు, సెకండాఫ్ సాగదీశారు అంటే సినిమా చూడకపోయినా నడిచిపోతుంది. పాత చవక దెయ్యం సినిమాల దగ్గర మాత్రం ఈ మాటలేవీ పనికిరావు. కథ పాతదని తీసినవాళ్లే ఒప్పుకుంటారు, అంతకు ముందు సినిమాలోనూ అదే కథ తీసింది వాళ్లే గనక. నటన సంగతి నటించినవాళ్లకు ముందే తెలుసు. ఇక సాగదీయడం అంటారా, చీకటి వరండాలో లాంతరు పట్టుకుని నడిచే ఆడమనిషిని మామూలు నడకతో నడిపిస్తే నాలుగు అంగల్లో అవతలి గది వచ్చేస్తుంది. మిగతా రెండుంబావు గంటలు నిర్మాత ఎక్కణ్నుంచి తేవాలి?

అందుకని వీటికి వేరే తూకపు రాళ్లు కావాలి. పెద్ద దర్శకుల పెద్ద సినిమాలు చూస్తూ హాయిగా నిద్రపోయిన రాత్రులు నాకు చాలా ఉన్నాయి. రామ్సే అన్నదమ్ముల సినిమా చూస్తూ కునుకు తీసిన రాత్రి లేదు. చిన్నప్పుడు భయంతో, ఇప్పుడు నవ్వుతో. ఆ అర్హతతో చెబుతున్నాను: చవక దెయ్యం సినిమాకు మార్కులు వేయాల్సింది దెయ్యాన్ని చూసి కాదు. దెయ్యం వచ్చేలోపు పైసా ఖర్చు లేకుండా వాళ్లు ఏం చేయగలిగారో చూసి వేయాలి.

మన దగ్గర ఈ విద్యకు ఆదిగురువు బి. విఠలాచార్య. ఉడుపి వైపు పుట్టి, కన్నడంలో మొదలుపెట్టి, తెలుగులో స్థిరపడి, జానపద బ్రహ్మ అనిపించుకున్నారు. ఆయన సినిమాల్లో అస్థిపంజరాలు నడుస్తాయి, రాక్షసులు కొండల వెనక నుంచి తలెత్తుతారు, రాకుమారులు జంతువులూ పక్షులూ అయిపోతుంటారు. ఈ చివరిదాని గురించి సినిమావాళ్లలో ఒక కథ తిరుగుతుంటుంది. ఏ నటుడైనా డబ్బు దగ్గర పేచీ పెడితే, షూటింగుకు డుమ్మా కొడితే ఆచార్యులవారు బతిమాలేవారు కాదట. మర్నాడు తీసే సీన్లో ఒక ముని వచ్చి శపించేవాడు, నటుడు చిలకైపోయేవాడు. మిగతా సినిమా చిలకతోనే. చిలకకు కాల్షీట్ల గొడవ లేదు, కారు పంపనక్కర్లేదు, ఒక జామకాయ చాలు. నిజమెంతో ఆయనకే తెలియాలి గానీ, ఆయన సినిమాలు రెండు చూస్తే ఈ కథను ఎవరైనా నమ్ముతారు.

ఇదే ఇబ్బంది అమెరికాలో ఎడ్ వుడ్‌కూ వచ్చింది. ప్రపంచంలోకెల్లా చెత్త సినిమా అని పేరుమోసిన 'ప్లాన్ 9 ఫ్రమ్ ఔటర్ స్పేస్' ఆయనదే. డ్రాక్యులా వేషంతో ప్రసిద్ధుడైన బేలా లుగోసీతో తీసిపెట్టుకున్న నాలుగు ముక్కలు చేతిలో ఉన్నాయి, లుగోసీ మాత్రం 1956లో కన్నుమూశాడు. వుడ్ ఏం చేశాడంటే, తన భార్యకు వెన్నునొప్పి వైద్యం చేసే ఆయన్ని తెచ్చి, నల్లటి బట్ట కప్పి, మొహానికి మోచేయి అడ్డం పెట్టుకుని తిరగమన్నాడు. ఆ వైద్యుడేమో లుగోసీ కన్నా బాగా పొడగరి. అయినా తిరిగాడు. ఈ సంగతి విఠలాచార్య చెవిన పడి ఉంటే ఒక కార్డు ముక్క రాసేవారు: "నాయనా, గబ్బిలాన్ని చేసెయ్. డాక్టరు ఫీజు కలిసొస్తుంది."

ఆయన దెయ్యం సినిమాల్లో నా ఓటు 'జగన్మోహిని'కి. 1978లో వచ్చింది. నరసింహరాజు హీరో, ప్రభ ఇల్లాలు, జయమాలిని మోహినీ పిశాచి. ఆ సినిమా చూసినవాళ్లు కథ మర్చిపోయి ఉండొచ్చు, పొయ్యి సీను మాత్రం మర్చిపోరు. పిశాచి ఇంట్లో దిగింది, వంట చేయాలి. ఏ కోడలైనా కట్టెలు లేకపోతే పక్కింటికి వెళ్లి అడుగుతుంది. పిశాచి గనక పొయ్యి ముందు కూర్చుని తన కాళ్లే పొయ్యిలో పెట్టేస్తుంది. కాళ్లు మండుతుంటాయి, పైన వంట ఉడుకుతుంటుంది. ఈ ఒక్క సీను ఒక తరం తెలుగు పిల్లలకు రాత్రిపూట వంటింట్లోకి వెళ్లి మంచినీళ్లు తాగడం మాన్పించింది. మా నాయనమ్మ పక్కన కూర్చుని చూశాను నేను. హాలంతా కేకలు. ఆమె మాత్రం మా మేనత్త వైపు తిరిగి తాపీగా అంది:

"నిజమే గదనే. కట్టెలు దెచ్చెటోడు ఇంట్ల లేకుంటే, ఆడిది కాళ్లు పెట్టక ఏం పెడ్తది?"

ఆ సీనుకు అంతకన్నా గొప్ప విమర్శ నేనింతవరకూ చదవలేదు. అందులో కోట లేదు, పొగమంచు లేదు. పొయ్యి ఉంది, గిన్నె ఉంది. అవి రెండూ హాల్లో కూర్చున్న ప్రతి ఒక్కరి ఇంట్లోనూ ఉన్నాయి. సినిమా అయిపోయాక కోట అక్కడే ఉండిపోతుంది, పొయ్యి మాత్రం ఇంటికెళ్లగానే ఎదురొస్తుంది. భయాన్ని ప్రేక్షకుడి సామాన్ల మీదే పెట్టుబడి పెట్టిన నిర్మాత కన్నా పొదుపరి ఎవరుంటారు?

మనుషుల్ని మాయం చేసే విద్య కూడా పెద్ద రహస్యమేమీ కాదు. కెమెరాను కదపకుండా ఆపి, మనిషిని పక్కకు పొమ్మని, మళ్లీ తిప్పడమే. 1896లోనే ఫ్రాన్సులో జార్జ్ మెలియెస్ ఒకావిడను కుర్చీలోంచి ఇలాగే మాయం చేశాడు. ఇలాంటి ట్రిక్కు షాట్లు వచ్చినప్పుడు మాయమయ్యే మనిషిని చూడకండి, వెనకాల చెట్టుకొమ్మను చూడండి. బయట తీసిన షాటయితే కొమ్మ ఉన్నట్టుండి ఒక జానెడు పక్కకు గెంతుతుంది. కెమెరా ఆగిన ఆ కాసేపట్లో గాలి వీచిందో, ప్రొడక్షన్ కుర్రాడు టీ గ్లాసులతో దూరిపోయాడో ఆ కొమ్మకే తెలుసు. చాలాసార్లు నాకు దెయ్యం నటన కన్నా కొమ్మ నటనే సహజంగా అనిపించింది.

హిందీవైపు ఈ వ్యాపారాన్ని ఇంటిల్లిపాదీ కలిసి నడిపినవాళ్లు రామ్సేలు. పేరు వింటే ఎవరో దొరలనిపిస్తుంది గానీ వాళ్లు కరాచీ సింధీలు, అసలు ఇంటిపేరు రామ్‌సింఘానీ. అక్కడ వాళ్లది రేడియోల దుకాణం. కొట్టుకొచ్చే తెల్లవాళ్లకు నోరు తిరగక ఆ పేరు రామ్సేగా కురచబడిందంటారు. దేశ విభజన తర్వాత బొంబాయి చేరి లామింగ్టన్ రోడ్డులో మళ్లీ కొట్టు తెరిచారు. తండ్రి ఎఫ్.యు. రామ్సేకు సినిమా పిచ్చి పట్టుకుంది. 1970లో 'ఏక్ నన్హీ మున్నీ లడ్కీ థీ' తీశాడు, బోర్లా పడింది. అందులో పృథ్వీరాజ్ కపూర్ వికారమైన ముసుగు తగిలించుకుని మ్యూజియంలో దొంగతనానికి దిగే సీనొకటి ఉంది. హాల్లో ఆ ఒక్క సీనుకే జనం కదిలిపోతున్నారని తులసి, శ్యామ్ అనే కొడుకులు కనిపెట్టారు. అయితే సినిమా మొత్తం అదే తీద్దాం అన్నారు. కొట్టు నడిపిన వంశం అంటే అదీ. అమ్ముడుపోయే సరుకేదో చూసి మిగతాది అటక మీద పడేశారు.

కొడుకులు ఏడుగురు. కుమార్ కథ రాస్తాడు, గంగు కెమెరా, కిరణ్ సౌండు, అర్జున్ ఎడిటింగు, కేశు ప్రొడక్షన్, తులసి-శ్యామ్ డైరెక్షన్. ఎక్కడ నేర్చుకున్నారంటే జోసెఫ్ మాసెల్లీ రాసిన సినిమాటోగ్రఫీ పాఠ్యపుస్తకం ముందేసుకుని. 1972లో 'దో గజ్ జమీన్ కే నీచే'. అందర్నీ బస్సెక్కించి మహాబలేశ్వర్ తీసుకెళ్లి, గవర్నమెంటు గెస్ట్‌హౌసులో దించి, 40 రోజుల్లో, సుమారు మూడున్నర లక్షల ఖర్చుతో ముగించుకొచ్చారని చెబుతారు. ఇంటి ఆడవాళ్లే వంట. ఆ యూనిట్లో బయటివాళ్లెవరైనా ఉన్నారంటే అది హీరో, హీరోయిన్, దెయ్యం.

వాళ్ల సినిమాలు మా బోధన్‌కు వీడియో పార్లర్‌లో వచ్చాయి. చక్కెర ఫ్యాక్టరీ ఊరు మాది. పక్కనే మహారాష్ట్ర, ఊళ్లో ఉర్దూ అందరికీ ఎంతో కొంత వచ్చు గనక దెయ్యానికి డబ్బింగ్ ఖర్చు కూడా లేదు. కిటికీలకు గోనెసంచులు కట్టిన గది, బల్ల మీద టీవీ, దాని పక్కన వీసీఆర్, మధ్యలో ఆపరేటరు. ఆ క్యాసెట్లు ఎన్ని ఊళ్లు తిరిగొచ్చేవో గానీ, జనం వెనక్కి తిప్పి తిప్పి చూసిన చోట టేపు అరిగిపోయి తెర మీద తెల్లగీతలు పడేవి. గీతలు మొదలయ్యాయంటే రెండే అర్థాలు: దెయ్యం వస్తోంది, లేకపోతే హీరోయిన్ స్నానానికి వెళ్తోంది. రామ్సే సినిమాల్లో ఈ రెండూ తరచు ఒకే గదిలో జరుగుతాయి కాబట్టి గీతలకు తెరిపి ఉండేది కాదు. ఆపరేటరు ట్రాకింగ్ తిప్పుతుంటే రాక్షసుడి నుదురు ఒకవైపూ దవడ ఒకవైపూ జరిగిపోయేవి. మేకప్ వేసినాయన కూడా ఊహించని భీకరమది. ఇప్పుడు అవే సినిమాలు శుభ్రం చేసిన ప్రింట్లలో చూస్తుంటే, ఆ సగం దెయ్యం ఊళ్లోనే ఉండిపోయిందనిపిస్తుంది.

'పురానా మందిర్' 1984లో వచ్చింది. వాళ్ల సినిమాల్లో పెద్ద హిట్టు అదే. రెండొందల ఏళ్ల కిందట సామ్రీ అనే పిశాచాల మారి ఉంటాడు. పసిపిల్లల్ని తింటాడు, సమాధులు తవ్వుతాడు. హరిమాన్ సింగ్ అనే రాజు వాణ్ని పట్టుకుని తల నరకమంటాడు. వాడు చచ్చే ముందు శాపం పెడతాడు: నీ వంశంలో ఆడవాళ్లంతా కానుపులో చస్తారు, నా తలా మొండెం కలిసిన రోజు మళ్లీ లేచొస్తాను అని. చూడండి, విలన్ తన పథకమంతా ముందే, సభాముఖంగా, దాపరికం లేకుండా చెప్పేశాడు. ఇక రాజు చేయాల్సిందల్లా తలనూ మొండేన్నీ దూరంగా ఉంచడం. దేశం ఎంత పెద్దది? తలను కాశీకి పంపించొచ్చు. మొండేన్ని రామేశ్వరం దాటించొచ్చు. ఆయన ఏం చేశాడు? మొండేన్ని ఊళ్లో పాత గుడి దగ్గర పాతిపెట్టి, తలను పెట్టెలో పెట్టి, త్రిశూలం కాపలా ఉంచి, సొంత హవేలీలో దాచుకున్నాడు. రెంటికీ మధ్య నడక దూరం. తరవాతి తరాలకు ఒక్క కాగితం ముక్క రాసి పెట్టి, "బిడ్డల్లారా, ఫలానా పెట్టె తీయకండి" అన్నా బాగుండేది. ఆ రాజుగారి దగ్గర తహసీల్దారు ఆఫీసులో పనిచేసిన గుమాస్తా ఒక్కడుంటే ఈ సినిమాయే లేదు.

నేను ఈ మధ్య రాత్రి భోజనాలయ్యాక వీటిని వరసపెట్టి మళ్లీ చూస్తున్నాను. మా ఆవిడ పక్కన కూర్చుని మర్నాటికి చిక్కుడుకాయలు ఒలుచుకుంటుంది. ఏ హారర్ దర్శకుడికైనా ఇంతకన్నా కఠినమైన పరీక్ష ఉండదు. నేను తెరను చూడటం మానేసి ఆమె చేతుల్ని చూడటం మొదలుపెట్టాను. చెయ్యి ఆగిందా, సీను పాసు. ఆగకుండా ఈనె తీసి, తుంచి, గిన్నెలో వేసిందా, ఎన్ని డప్పులు కొట్టినా ఫెయిలే.

ఈ పద్ధతిలో తేలిన ఫలితాలు తమాషాగా ఉన్నాయి. రామ్సేలు ఎంతో కష్టపడి తయారుచేసిన రాక్షసులకు చిక్కుడుకాయ ఒక్కసారి కూడా ఆగలేదు. తలుపుకు ఆగింది. ఎవరూ లేని గదిలో, ఎవరూ తోయని తలుపు, కిర్రుమంటూ మెల్లగా తెరుచుకుంటుంటే చేతిలో కాయ అలాగే ఉండిపోయింది. తలుపు తెరుచుకుని, అవతల ఖాళీ వరండా కనిపించేదాకా ఆమె కదల్లేదు. తరవాత, "ఆ బందులకు జర నూనె పొయ్యొచ్చు గద" అని మళ్లీ మొదలుపెట్టింది. నిజమే, హవేలీలో చౌకీదారున్నాడు. లాంతరుంది, కంబళి ఉంది, ఒక కన్ను మెల్ల. అన్నేళ్ల కొలువులో ఆయన ఒక్కరోజు నూనె సీసా పట్టుకున్న పాపాన పోలేదు. పట్టుకుంటే రామ్సేల ఇంట్లో పొయ్యి వెలగదు గనక నేనేం అనను. తలుపుతో వాళ్ల బంధం అలాంటిది. 1978లో 'దర్వాజా' తీశారు, 1990లో 'బంద్ దర్వాజా' తీశారు. తెరిచిన తలుపు మూయడానికి వాళ్లకు పన్నెండేళ్లు పట్టింది.

దీని వెనక లెక్క ఉంది. రాక్షసుణ్ని చూపించాలంటే మేకప్ కావాలి, గంటలు కావాలి, అది చెమటకు ఊడితే మళ్లీ అతికించాలి. చూపించకపోతే ఖర్చు లేదు. అందుకని నీడ వస్తుంది, బొచ్చు చెయ్యి వస్తుంది, బుసకొట్టే ఊపిరి వస్తుంది, కిటికీ అద్దం మీద ఏదో కదులుతుంది. దరిద్రం కొద్దీ దాచారు, దాచిన కొద్దీ భయం పెరిగింది. నలుపు తెలుపు రోజుల్లో ఇంకా సుఖం. జార్జ్ రొమేరో 1968లో 'నైట్ ఆఫ్ ది లివింగ్ డెడ్' తీసినప్పుడు రక్తం చోట చాక్లెట్ సిరప్ పోశారు, తెర మీద అది చిక్కటి నెత్తురే. రామ్సేలకు ఆ వెసులుబాటు లేదు, రంగుల సినిమా. పైగా వాళ్లకు నీలం, ఎరుపు, ఆకుపచ్చ లైట్లంటే మహా ఇష్టం. శ్మశానంలో ఒక సమాధి వెనక ఎర్రలైటు, ఇంకో సమాధి వెనక పచ్చలైటు. కరెంటు కనెక్షన్ ఎవరి పేరు మీద ఉందో అడగకూడదు. అడగాలనిపించదు కూడా. ఆ లైట్లలో పొగ తిరుగుతుంటే, గంగు రామ్సే కెమెరా నేలబారుగా జరుగుతుంటే, ఒక్కోసారి నిజంగా అందంగా ఉంటుంది. ఇది వెటకారం కాదు.

సామ్రీగా వేసిన మనిషి గురించి మాత్రం నవ్వకుండా చెప్పాలి. ఆయన పేరు అనిరుధ్ అగర్వాల్. రూర్కీలో సివిల్ ఇంజనీరింగ్ చదివాడు. భారీ మనిషి, మొహంలో ఎముకలు కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. అదంతా మేకప్ మహిమ కాదు. కొంత దేవుడు ఇచ్చింది, కొంత జబ్బు ఇచ్చింది. పీయూష గ్రంథి దగ్గర గడ్డ గురించి ఆయనే ఇంటర్వ్యూల్లో చెప్పుకున్నాడు. 'పురానా మందిర్'లో సామ్రీ, 'బంద్ దర్వాజా'లో నేవ్లా. శేఖర్ కపూర్ 'బాండిట్ క్వీన్'లో బాబూ గుజ్జర్ కూడా ఆయనే, అదే ఏడాది హాలీవుడ్ 'జంగిల్ బుక్'లోనూ కనిపిస్తాడు. రామ్సేలకు దొరికిన అతి చవకైన స్పెషల్ ఎఫెక్టు ఒక మనిషి సొంత మొహం. ఆ మొహంతో ఆయన నిలబడి కళ్లెర్ర చేస్తే సినిమాలో మిగతావాళ్లందరి డైలాగుల కన్నా ఎక్కువ పని జరిగింది. బ్రిడ్జీలు కట్టే చదువు చదివి, శవపేటికలోంచి లేచి బతికిన ఆ మనిషికి స్టార్లు వేయడానికి నాకు చెయ్యి రాదు.

'పురానా మందిర్'లో మిగతా నటవర్గం మీద మనకు బెంగ అక్కర్లేదు. హీరో మోహ్నీష్ బహల్. తరవాత 'ప్రేమాలయం'లో తలవంచుకుని అందరి మాటా వినే పెద్దన్నయ్యగా మన ఇళ్లలోకి వచ్చిన ఆయనే. హీరో స్నేహితుడు పునీత్ ఇస్సార్. 'కూలీ' షూటింగులో అమితాబ్‌కు దెబ్బ తగిలింది ఈయనతో ఫైటు తీస్తున్నప్పుడే. ఆ తరవాత చాలా అవకాశాలు పోయాయని ఆయనే చెప్పాడు. రామ్సేలు పిలిచారు. నాలుగేళ్లు తిరిగేసరికి దూరదర్శన్‌లో దుర్యోధనుడయ్యాడు. దెయ్యాల కొంపకు వెళ్లి బాగుపడ్డవాళ్లు కూడా ఉన్నారన్నమాట.

ఇక కామెడీ. 'పురానా మందిర్' నడుస్తూ నడుస్తూ ఒకచోట ఆగి, జగ్‌దీప్ మచ్ఛర్ సింగ్ అనే బందిపోటుగా 'షోలే'ను వెక్కిరిస్తాడు. అసలు 'షోలే'లో సూర్మా భోపాలీ కూడా ఆయనే కాబట్టి సొంత సినిమాను తనే వెక్కిరించుకున్నట్టు. ఈ ముక్కకూ సామ్రీకీ ఏ చుట్టరికమూ లేదు. తల పెట్టెలో ఉంది, వంశం శాపంలో ఉంది, బందిపోటు గుర్రం దిగి జోకులేస్తున్నాడు. చిన్నప్పుడు మేము ఆ టైములో బయటికెళ్లి బఠాణీలు కొనుక్కునేవాళ్లం. నా అనుమానం ఏంటంటే ఆ కామెడీ తీసిందే అందుకు. భయపడ్డ పిల్లలకు మూత్రవిసర్జన సదుపాయం కల్పించిన దర్శకులు మన దేశంలో వీళ్లే.

స్నానాల సంగతి మాత్రం నవ్వులో కలిపేయలేను. దెయ్యం ఉన్న ఊళ్లో నీళ్ల ఎద్దడి ఉండదు కాబోలు, రామ్సే నాయికలు వేళాపాళా లేకుండా స్నానం చేస్తూనే ఉంటారు. దెయ్యం కన్నా ముందే కెమెరా ఆ గదిలోకి దూరిపోతుంది. అందుకే 'ఏ' సర్టిఫికెట్టు, అందుకే పోస్టర్ల మీద రాక్షసుడికీ తడిచీరకూ సమానమైన చోటు. కళ్ల ముందు ఆడదాన్ని చంపించి, అంతకు ముందు ఆమెను అలా చూపించి, చివర్లో త్రిశూలంతో ధర్మం నిలబెట్టామంటే ఎలా? పొయ్యి సీను తీసిన విఠలాచార్య కూడా జయమాలిని డాన్సుల్లో తక్కువ తినలేదనుకోండి. కానీ ఆ పిశాచికి పేరుంది, పంతం ఉంది, సినిమా అంతా ఆమె చుట్టూ తిరుగుతుంది. రామ్సేల్లో 1988 నాటి 'వీరానా' మాత్రం ఈ లెక్క కొంత తిరగేసింది. అందులో భయపెట్టేది ఆడమనిషే. జాస్మిన్ అనే ఆ నటి అటు తరవాత సినిమాల్లో కనిపించకుండా పోవడంతో ఆమె మీద దెయ్యం కథలు తెర బయట కూడా పుట్టాయి. అందులోనే సతీశ్ షా హారర్ సినిమాల దర్శకుడిగా వేశాడు, ఆ పాత్ర పేరు హిచ్‌కాక్. తమ మీద తామే జోకు వేసుకోగలిగినవాళ్లను పూర్తిగా తిట్టబుద్ధి కాదు.

1985లో 'సామ్రీ' అని త్రీడీలో కూడా తీశారు. మలయాళం 'మై డియర్ కుట్టిచాత్తన్' మనకు 'చిన్నారి చేతన'గా వచ్చి కళ్లద్దాల మోజు పుట్టించిన కాలం. అట్ట కళ్లద్దాలు పెట్టుకుంటే సామ్రీ చెయ్యి మన మొహం మీదికి రావాలి. నేను చూసింది వీడియోలో, అద్దాలు లేకుండా. చెయ్యి ఒకటే, అది ఎర్రగా ఒకటి, నీలంగా ఒకటి రెండయింది.

వాళ్ల దుకాణానికి అసలు దెబ్బ కేబుల్ వైరు నుంచి రావాలి. కానీ రేడియోలు అమ్మిన వంశం కదా, ఆ వైరునే పట్టుకున్నారు. 1993లో 'జీ హారర్ షో' మొదలైంది. మొదటి కథ పేరు 'దస్తక్'. అప్పటిదాకా డబ్బిచ్చి గోనెసంచుల గదికి వెళ్లి భయపడ్డవాళ్లం, ఇంట్లో దుప్పటి కప్పుకుని ఉచితంగా భయపడటం నేర్చుకున్నాం. ఆ టైటిల్ మ్యూజిక్ మొదలవగానే మా వీధిలో పిల్లలు ఒకరి తరవాత ఒకరు "అమ్మా" అనడం వరుస ఇళ్లలోంచి వినిపించేది. వాల్యూమ్ తగ్గించి చూసినా లాభం లేదు, పక్కింటివాళ్ల టీవీలో వినిపిస్తుంది.

ఇప్పటి దెయ్యాలకు డబ్బు కొరత లేదు. కంప్యూటర్లో తయారైన దెయ్యం మొదటి పది నిమిషాల్లోనే పూర్తిగా, నాలుగు వైపుల నుంచీ, నోట్లో పళ్ల లెక్కతో సహా కనిపించేస్తుంది. చిక్కుడుకాయలు గిన్నెలో టపటపా పడుతూనే ఉంటాయి. ఒకదానికి మా ఆవిడ లేచి వెళ్లి పాలు తోడేసి కూడా వచ్చింది, ఆపమనలేదు.

ఈ వరసలో చివరగా చూసింది 'బంద్ దర్వాజా'. మొదట్లోనే నాకు బాగా నచ్చిన సీనొకటుంది. ఠాకూర్ గారింట్లో పిల్లల్లేరు. ఠాకురాయిన్ ఎవరికీ తెలియకుండా నల్లకొండ మీద ఉండే నేవ్లా దగ్గరికి వెళ్తుంది. అనిరుధ్ అగర్వాల్ మళ్లీ శవపేటికలోంచి లేచి నిలబడతాడు. ఒప్పందం పద్ధతిగా కుదురుతుంది. మగపిల్లాడు పుడితే నీకు, ఆడపిల్ల పుడితే నాకు. ఆడపిల్లే పుడుతుంది. ఠాకురాయిన్ మాట తప్పుతుంది. సినిమాలో జరిగే రక్తపాతమంతా ఈ ఒక్క షరతు మీద నడుస్తుంది. వడ్డీ వ్యాపారులకు ఉండే స్పష్టత నేవ్లాకు ఉంది, సాక్షి సంతకాలే తక్కువ.

నేను ఆ ఒప్పందంలో లొసుగులు వివరించబోతుంటే మా ఆవిడ అడ్డం వచ్చింది.

"దెయ్యమే నయం. ఆడపిల్ల నాక్కావాలె అని నోరు తెరిచి అడిగింది. మన చిన్నది పుట్టిన్నాడు దవాఖానల మీవాళ్లు మొహాలెట్ల పెట్టిన్రో యాదికుందా?"

"సినిమా గురించి మాట్లాడుకుంటున్నం గదా."

"నేను గూడ సినిమా గురించే చెప్తున్న. వానికి మూడున్నర స్టార్లు రాస్కోండి."

రాసుకున్నాను. మా అమ్మకు ఎన్ని వేసిందో అడగలేదు.